94 ఏళ్ల తాతయ్య జీవితాన్ని పుస్తకంగా రాయాలంటే

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకూ పనికొస్తుంది. నరసరావుపేట దగ్గర పల్లెలో 94 ఏళ్లు బతికిన మీ తాతయ్య పోయిన కార్తీకంలో కాలం చేశారు. సంవత్సరీకం నాటికి ఆయన జీవితం మీద చిన్న పుస్తకం వేద్దామని మనవలూ మనవరాళ్లూ కలిసి అనుకున్నారు. కానీ "కష్టపడి పైకొచ్చారు, అందరికీ సాయం చేశారు, మహానుభావుడు" అని మూడు ముక్కలు రాశాక కలం కదలడం లేదు, పుట్టిన తేదీ ఆధార్‌లో 1935 జనవరి 1 అనుంది, ఇంట్లో ఇంకోటి చెప్తున్నారు, మీ నాన్నగారూ బాబాయిలూ ఒకే సంగతిని తలో రకంగా చెప్తున్నారు.

నేను హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. గుంటూరు, పల్నాడు వైపు చాలా ఇళ్లకు ఇలాంటి పుస్తకాలు రాయడంలో సాయం చేశాను, మొదటిది మా తాతయ్యదే. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొట్టమొదట, ఆయన ఎలాంటివాడో రాయడం ఆపేసి ఏం చేసేవాడో రాయండి. మహానుభావుడు అనే మాట ఊళ్లో ప్రతి ఇంటి పెద్దకీ సరిపోతుంది, అది చదివి మీ తాతయ్యను ఎవరూ గుర్తుపట్టలేరు. పొద్దున లేచి ముందు ఎటు వెళ్లేవాడు, గొడ్లకొట్టంలోకా, వాకిట్లోకా, చుట్ట అంటించుకోవడానికి పొయ్యి దగ్గరికా? భోజనంలో ఏది లేకపోతే లేచిపోయేవాడు? కోపమొస్తే అరిచేవాడా, మాట్లాడకుండా రెండు రోజులు అరుగు మీద పడుకునేవాడా? డబ్బు ఎక్కడ దాచేవాడు, ఎవరికి అప్పిచ్చి అడగలేకపోయేవాడు, ఎవరింటి ముందు నుంచి నడవడం ఇష్టంలేక చుట్టూ తిరిగి పొలం వెళ్లేవాడు? ఇవి రాస్తే గుణాలు వాటంతట అవే తెలుస్తాయి. 'దయగలవాడు' అని రాయాల్సిన పని లేదు, ఎద్దు ముసలిదైపోయాక కూడా సంతకు తోలనివ్వకుండా చచ్చేదాకా మేత వేశాడని రాస్తే చాలు.

ఇక తేదీల సంగతి. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే దాన్ని పట్టుకుని వేలాడకండి. పుట్టినరోజు తెలియనివాళ్లకు, వయసు మాత్రమే చెప్పినవాళ్లకు చాలాచోట్ల అలాగే పడింది. బడికి వెళ్లినవాళ్లకైతే జూలై 1 ఎక్కువగా కనపడుతుంది, చేర్చుకునేటప్పుడు మాస్టారు వేసిన తేదీ అది. మీ ఇంట్లో "ప్రజోత్పత్తి నామ సంవత్సరం, ఆశ్వయుజ మాసం" అని చెప్తున్నారన్నారు కదా, అది బంగారం లాంటి ఆధారం. ప్రజోత్పత్తి 1931 ఉగాది నుంచి 1932 ఉగాది దాకా నడిచింది. అరవై ఏళ్ల చక్రం కాబట్టి మళ్లీ 1991లో వచ్చింది, 1871లోనూ అదే, ఇక సందేహం లేదు. ఆశ్వయుజం అంటే దసరా రోజులు, అంటే 1931 అక్టోబర్ చుట్టుపక్కల. పోయినప్పుడు 94 నిండాయన్న మీ ఇంటి లెక్కకు అది అచ్చంగా సరిపోతోంది, ఆధార్ తేదీ అయితే మూడేళ్లకు పైగా తగ్గిపోతుంది. తిథి కూడా ఎవరికైనా గుర్తుంటే, లేదా పాత జాతకం కాగితం దొరికితే, పంచాంగం తెలిసినవాళ్లు రోజు కూడా తేల్చేస్తారు. ఒక్క జాగ్రత్త, పుష్యం, మాఘం, ఫాల్గుణం నెలల్లో పుట్టినవాళ్లకు తెలుగు సంవత్సరం అదే అయినా ఇంగ్లీషు సంవత్సరం సాధారణంగా తర్వాతిది అవుతుంది. ఇంకా లోతుకు వెళ్తే చిన్న చిన్న తేడాలు వస్తాయి, మీకు అంత అవసరం పడదు.

పెద్దవాళ్లను "అది ఏ సంవత్సరంలో జరిగింది" అని మాత్రం అడక్కండి. వాళ్లు తికమకపడతారు, తోచిన అంకె చెప్తారు, మీరు అది రాసేసుకుంటారు. పల్నాడులో అడగాల్సిన తీరు వేరు: "కాలువ రాకముందా, వచ్చాకా?" నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ పేరు జవహర్ కాలువ, మీ ఊళ్లకు వచ్చేది అదే. ఈ రెండు తేదీల మధ్య మీ తాతయ్యకు 24 నుంచి 35 ఏళ్లు, అంటే పెళ్లి, పిల్లలు, వేరుపడటం అన్నీ దాదాపు ఆ సందులోనే ఉండి ఉంటాయి. డ్యామ్ పనికి వెళ్లారా, రాయి మోశారా, బండి కట్టారా అని అడగండి, ఆ రోజుల్లో మన ఊళ్ల నుంచి చాలామంది వెళ్లారు. తర్వాత "జై ఆంధ్రప్పుడు బడులు మూతపడితే పెద్దాడు ఏ క్లాసు?" అని అడిగితే 1972-73 దొరుకుతుంది. "దివిసీమ ఉప్పెన నాటికి చిన్నత్తకు పెళ్లయిందా?" అంటే 1977 నవంబర్. "పాత పైసలా, నయా పైసలా?" అంటే కొత్త నాణేలు వచ్చిన 1957 ఏప్రిల్‌కు ముందూ తర్వాతా. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016లో వచ్చాయి, పుష్కరాలకు ఎవరెవరు కలిసి వెళ్లారో ఆడవాళ్లకు భలే గుర్తుంటుంది, ఎవరి చంకలో ఎవరున్నారో కూడా చెప్తారు.

మీ తాతయ్య మొదటి ఓటు సంగతి కూడా ఇలాగే తేలుతుంది. 1952 తొలి ఎన్నికలప్పటికి ఆయనకు 21 నిండలేదు, అప్పట్లో ఓటుకు 21 ఏళ్లు ఉండాలి, 18కి తగ్గించింది 1989లో. కాబట్టి ఆంధ్ర రాష్ట్రానికి 1955లో జరిగిన మధ్యంతర ఎన్నికే ఆయన మొదటి ఓటు అయ్యుండాలి. కమ్యూనిస్టులకూ కాంగ్రెస్ కూటమికీ హోరాహోరీగా సాగిన ఎన్నిక అది, గుంటూరు జిల్లా పల్లెల్లో దాని గురించి మాట్లాడని అరుగు లేదు. మీ ఇంట్లో అప్పుడు ఎవరు ఎటు ఉన్నారో అడగండి, అన్నదమ్ములు చెరో పక్క ఉన్న ఇళ్లు నాకు చాలా తెలుసు.

తెలంగాణ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీకు గీటురాయి 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్. "రజాకార్ల రోజుల్లో మా నాయన చంటిపిల్లాడు" అని ఒకరు, "నేను అప్పటికే బర్లు కాసేవాణ్ని" అని ఇంకొకరు, ఇలా చెప్తారు. కాగితాల్లో 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన పాత రికార్డు) దొరికితే చూడండి, పాతవి చాలావరకు ఉర్దూలో ఉంటాయి, చదివేవాళ్లను వెతుక్కోవాలి.

కాగితాల మాట వచ్చింది కాబట్టి మా తాతయ్య సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ పని ఎలా జరుగుతుందో దీంతో బాగా తెలుస్తుంది. ఆయన గదిలో గోడకు ఒక ఇనప తీగ వేలాడేది, కొసన వంకీ తిప్పి ఉండేది. శిస్తు రసీదులు, సొసైటీ అప్పు రసీదులు, ఎరువుల కొట్టు బిల్లులు, మధ్యలో ఎవరిదో శుభలేఖ, ఏది చేతికొస్తే అది దానికి గుచ్చేవాడు. పాతవి అడుగున, కొత్తవి పైన. తీగ తుప్పుపట్టి కాగితాల మధ్య ఎర్రటి మచ్చలు పడ్డాయి గానీ రాత కనపడుతోంది. అడుగు నుంచి చదువుకుంటూ వచ్చాను. రసీదుల మీద ఫస్లీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కలకు వాడే సంవత్సరం ఉంటుంది, మనవైపు ఫస్లీ జూలైలో మొదలై జూన్‌తో ముగుస్తుంది, ఆ అంకెకు 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫస్లీ 1377 అంటే 1967 జూలై నుంచి 1968 జూన్ దాకా. అడుగునున్న రసీదులన్నీ మెట్ట శిస్తువే, చిన్న చిన్న మొత్తాలు. ఫస్లీ 1379 రసీదులో మొదటిసారి నీటి తీరువా, అంటే కాలువ నీటికి కట్టే పన్ను కనపడింది. అంటే సాగర్ నీళ్లు వదిలింది 1967లోనే అయినా మా చేలోకి మైనరు కాలువ నుంచి నీళ్లు ఎక్కింది 1969-70లో. మా నాన్న తన జీవితమంతా "అరవై ఏడులో కాలువ రాగానే మా దశ తిరిగింది" అనేవాడు, అందులో కొంతే నిజం.

ఇంకా చూస్తే, నీటి తీరువా మొదలైన దగ్గర్నుంచి అప్పు రసీదులు కూడా పెరిగాయి. సొసైటీలో అప్పు, దాని మీద వడ్డీ, మళ్లీ అప్పు. మెట్ట చేను మాగాణి కావాలంటే ఊరికే నీళ్లు వస్తే చాలదు, చదును చేయాలి, మడులు కట్టాలి, గట్లు వేయాలి, వరికి ఎరువు కొనాలి. అంతకుముందు జొన్న, సజ్జ, కంది వేసుకున్నప్పుడు పెంట తోలుకుంటే సరిపోయేది. కాలువ మా ఇంటికి ముందు అప్పు తెచ్చింది, తర్వాతే వరి అన్నం తెచ్చింది. ఈ సంగతి ఇంట్లో మగవాళ్లెవరికీ గుర్తులేదు, లేదా చెప్పుకోవడం ఇష్టంలేదు. మరి ఆ అప్పు ఎలా తీరింది? తీగకు గుచ్చిన కాగితాల్లో దానికి జవాబు లేదు. మా మేనత్త చెప్పింది. మా నాయనమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కాసులపేరు అమ్మేశారట. తాతయ్య అడగలేదట, ఆమే తీసి మంచం మీద పెట్టిందట, ఆయన రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదట. మేనత్తకు అప్పుడు పదేళ్లుంటాయేమో, తలుపు పక్క నుంచి చూసిందట.

అందుకే మీకు గట్టిగా చెప్తున్నాను, మీ తాతయ్య పుస్తకానికి ముందు కూర్చోవాల్సింది మీ నాన్నగారి దగ్గరా బాబాయిల దగ్గరా కాదు. బతికున్న ఆడవాళ్లలో ఎవరు పెద్దవాళ్లో వాళ్ల దగ్గర. తాతయ్య చెల్లెలు ఉందన్నారు, ఆమె ఆయన పెళ్లికి ముందు జీవితం చూసిన ఒకే ఒక్క మనిషి, ఈ ఆదివారమే వెళ్లండి, పని చూసుకుని వెళ్దాంలే అనుకోవద్దు. తర్వాత పెద్ద మేనత్త, పెద్ద కోడలు. కొడుకులకు నాన్న పొలంలోనూ పంచాయితీలోనూ తెలుసు, ఇంట్లో ఆయన ఎలా ఉండేవాడో కోడళ్లకు తెలుసు. అలాగే ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన జీతగాడు ఉంటే ఆ ఇంటికి కూడా వెళ్లండి, అరక వెనక పక్కపక్కన నడిచినవాడికి తెలిసినంత కన్న కొడుక్కి తెలియదు. అతను చెప్పేది అంతా మీకు నచ్చకపోవచ్చు. కూలి ఎలా ఇచ్చేవాడు, కొలిచేటప్పుడు కుంచం నిండుగా కొలిచేవాడా, తల కొట్టి కొలిచేవాడా, మనిషి నీతి అక్కడ తెలుస్తుంది. ఏం చెప్పినా వినండి, రాసుకోండి.

కూర్చున్నప్పుడు "తాతయ్య గురించి చెప్పండి" అని అడిగితే కళ్లు తుడుచుకుని "ఏం చెప్తాంలే నాయనా, దేవుడు" అంటారు, అంతే. ఏదైనా వస్తువు చేతిలో పెట్టండి. ఆయన ముల్లుగర్ర, కళ్లజోడు డబ్బా, పాత ఫొటో, దస్తావేజు. ఫొటో అయితే ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి పేరు అడిగి వెనక పెన్సిల్‌తో రాయండి, పెన్ను వద్దు, సిరా ముందుకు దిగుతుంది. ఇద్దరు పెద్దవాళ్లను కలిపి కూర్చోబెడితే ఇంకా మంచిది, ఒకరు తప్పు చెప్తే రెండోవారు ఊరుకోరు, ఆ వాదులాటలోనే అసలు సంగతులు బయటికొస్తాయి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టండి గానీ వాళ్లకు చెప్పి పెట్టండి. రికార్డులు విని రాసే పని అమెరికాలో ఉన్న మనవలకు అప్పగించండి, వాళ్లూ పాలుపంచుకున్నట్టుంటుంది, పైగా పెద్దవాళ్ల మాట తీరు వాళ్ల చెవిన పడుతుంది.

దస్తావేజు దొరికితే ఆసాంతం చదవండి. అందులో హద్దుల దగ్గర తూర్పున ఎవరి చేను, పడమర ఎవరిది అని ఉంటుంది కదా, ఆ పేర్లే ఆయన పొరుగువాళ్లు, స్నేహితులు, తగాదా పడ్డవాళ్లు. ఆ పేర్లు మేనత్తకు చదివి వినిపిస్తే గంటసేపు ఆపకుండా మాట్లాడుతుంది. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లకు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అంతకుముందువైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించుకోవాలి. కరణాలు, మునసబుల పదవులు 1984లో రద్దయ్యాయి కాబట్టి పాత గ్రామ లెక్కలు కొన్నిచోట్ల వాళ్ల వారసుల ఇళ్లలో చెదలు పట్టి ఉన్నాయి, మర్యాదగా అడిగితే చూపిస్తారు.

కొడుకులు తలో మాట చెప్తున్నారన్నారు. దానికి టెన్షన్ పడొద్దు, ఎవరిది నిజమో మీరు తీర్పు చెప్పాల్సిన పనిలేదు. "పెద్దబ్బాయి చెప్పింది ఇది, చిన్నబ్బాయికి గుర్తున్నది ఇది" అని రెండూ పెట్టేయండి. పెద్దకొడుకు చూసిన తండ్రి ముప్పై ఏళ్ల వాడు, అప్పుల్లో ఉన్నవాడు, చెయ్యి చేసుకునేవాడు. చిన్నకొడుకు చూసిన తండ్రి నలభై అయిదేళ్ల వాడు, గాదె నిండినవాడు, సైకిల్ కొనిపెట్టినవాడు. ఇద్దరూ ఉన్నదే చెప్తున్నారు.

పంపకాల గొడవలు రాయాలా అని మీలో ఒకరు అడిగారు. నా ఉద్దేశం చెప్తాను. ఎవరికి ఎన్ని సెంట్లు తక్కువొచ్చాయన్నది వద్దు, అది రాస్తే పుస్తకం పోయి కోర్టు కాగితం అవుతుంది. కానీ పంపకం జరిగిందని, ఆ రోజు ఆయన ఎక్కడ కూర్చున్నాడో, తర్వాత ఎవరి దగ్గర భోంచేశాడో, వంతులు వేసుకున్నారా, ఆయనకు అది ఎలా అనిపించిందో, ఇవి వదిలేయకండి. ఇంటి పెద్ద జీవితంలో పెద్దరికం చేతులు మారిన రోజు చిన్న సంగతి కాదు. బతికున్న ఆడమనిషికి ఎవరికైనా మాట వచ్చేది ఏదైనా ఉంటే ఆమెను అడగకుండా రాయకండి, ఇందులో మాత్రం రాజీ లేదు.

వంశవృక్షం వేసేటప్పుడు మగపిల్లల పేర్లు మాత్రమే వేసే పాత అలవాటు దయచేసి మానేయండి. కూతుళ్లు, వాళ్ల పిల్లలు, కోడళ్ల పుట్టింటి ఊరు, అన్నీ ఉండాలి. నాయనమ్మ పేరు పక్కన "ఫలానా వారి భార్య" అని వదిలేయకుండా ఆమె ఎక్కడ పుట్టింది, ఎన్నో ఏట కాపురానికొచ్చింది రాయండి. ఇంకొకటి, ఆ తరంలో పుట్టి పోయిన బిడ్డలు చాలా ఇళ్లలో ఉన్నారు, పురిట్లో పోయినవాళ్లు, మశూచికి, విరేచనాలకు పోయినవాళ్లు. మా నాయనమ్మ తన బిడ్డల లెక్క చెప్పేటప్పుడు పోయినవాళ్లను కలిపే చెప్పేది, మేమే వాళ్లను వదిలేసి లెక్కపెట్టేవాళ్లం. పేరు పెట్టి ఉంటే ఆ పేరు, లేకపోతే 'పసిబిడ్డ' అని వృక్షంలో చోటు ఇవ్వండి.

చివరి ఏళ్లను రెండు వాక్యాల్లో చుట్టేయడం నేను చూసిన పుస్తకాలన్నిటిలోనూ ఉన్న లోపం. 60 దాకా వివరంగా రాసి, "చివరి దశలో ప్రశాంతంగా గడిపారు" అని ముగించేస్తారు. 94లో 34 ఏళ్లు అలా మాయమైపోతాయి! వెయ్యి పున్నములు చూడటానికి సుమారు 80 ఏళ్ల 10 నెలలు పడుతుంది, మీ తాతయ్యకు అది 2012 వానాకాలంలో నిండి ఉండాలి, ఆ తర్వాత ఆయన ఇంకో పదమూడేళ్లు ఉన్నారు. పొలానికి వెళ్లడం ఎప్పుడు మానేశారు, ఎవరు మాన్పించారు, మొదటి సెల్‌ఫోన్ ఎవరిచ్చారు, ఫోన్‌లో ఏమని మొదలుపెట్టి మాట్లాడేవారు, తన ఈడువాళ్లు ఒక్కొక్కరే పోతుంటే అరుగు మీద ఎవరితో కూర్చునేవారు? 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఏమన్నారు? ఆంధ్ర రాష్ట్రం వచ్చిన 1953 అక్టోబర్ 1 నాటికి 22 ఏళ్లు నిండబోతున్న కుర్రాడు ఆయన, తర్వాత 1956, మళ్లీ 2014, ఇల్లు కదలకుండానే ఇన్ని మార్పులు చూశారు. ఆసుపత్రి రోజులు మాత్రం అర పేజీ చాలు, మందుల పేర్లు ఎవరికీ అక్కర్లేదు.

ప్రింటింగ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. డెమ్మీ సైజు (మామూలు పుస్తకాల కొలత), 80 పేజీల లోపు. అక్షరాలు పెద్దవిగా వేయించండి, చదివేవాళ్లలో సగంమంది కళ్లజోడు వాళ్లే. ఫొటోలను ఫోన్‌తో తీయకుండా స్కాన్ చేయించండి. ఆయన చేతిరాత ఉన్న కాగితం ఒక్కటైనా ఉన్నదున్నట్టు వేయండి, సంతకమైనా సరే, వేలిముద్రైనా సరే. సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుంది, ఈసారి అధికమాసం కూడా ఉంది కాబట్టి ఇంగ్లీషు తేదీ కంటే కొన్ని రోజులు ఆలస్యంగా వస్తుంది, ప్రెస్సు వాళ్లకు తేదీ చెప్పేముందు పంతులుగారిని అడగండి. జీతగాడి ఇంటికీ, హద్దుల్లో పేర్లున్న పొరుగువాళ్ల ఇళ్లకూ కాపీలు పంపడం మర్చిపోకండి.

రసీదుల్లో ఫస్లీ లెక్క తేలకపోతే, ఏ నెలలో కట్టారో కూడా చూడండి, జనవరి జూన్ మధ్య కట్టినదైతే 590 కాకుండా 591 కలపాలి. దస్తావేజుల్లో పాత కొలతలు ఏవైనా అర్థం కాకపోతే పేర్లు తీసేసి ఆ వాక్యం ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.